కోల్డ్‌ఫ్యూజన్ మీద ఐదేళ్లయ్యాయి, ఇప్పుడు ఉండాలా, మారాలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. హైదరాబాద్‌లో సర్వీస్ కంపెనీ, ఫ్రెషర్‌గా చేరగానే కోల్డ్‌ఫ్యూజన్ (వెబ్ అప్లికేషన్లు రాసే ఒక పాత భాష) ప్రాజెక్టులో వేశారు. ఐదేళ్లయింది. ఈ ప్రాజెక్టు నుంచి వేరేదానికి పంపమని రిలీజ్ అడిగితే "క్లయింట్ ఒప్పుకోడు" అంటున్నారు. ఉద్యోగాల సైట్లలో వెతికితే జావాకి పేజీలకు పేజీలు, మీ భాషకి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. మీతో పాటు చేరినవాళ్లు రెండు కంపెనీలు మారి మీకన్నా ఎక్కువ తీసుకుంటున్నారు. అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ జావా బ్యాచ్‌లో చేరాలా, అసలు ఈ భాషకి భవిష్యత్తు ఉందా అన్నది మీ ప్రశ్న. చివర్లో అమెరికా గురించి కూడా ఒక మాట.

నేను 2007లో ఇదే భాషతో మొదలుపెట్టాను. పదకొండేళ్లు దాని మీదే బతికాను. ఆ తర్వాత నుంచి అదే పాత సిస్టమ్‌లని జావాకి మార్చే ప్రాజెక్టులు చేస్తున్నాను. మీ టెన్షన్ నాకు కొత్త కాదు. మా బావమరిది నా ముందే ఎవరితోనో "వీడు చేసేది ఏదో కూలింగ్ టెక్నాలజీ" అని చెప్పాడు, ఇప్పటికీ గుర్తు.

సూటిగా చెప్పాలంటే, కోల్డ్‌ఫ్యూజన్‌లో కొత్తగా మొదలయ్యే ప్రాజెక్టులు దాదాపు లేవు, రావు కూడా. ఉన్నవి మాత్రం అంత తొందరగా పోవు. ఇంకో పదేళ్లు నడుస్తాయని నా అంచనా. కాబట్టి భాష బతుకుతుందా చస్తుందా అన్నదాన్ని వదిలేయండి. మీ క్లయింట్ దాన్ని ఎందుకు ఇంకా ఉంచుకున్నాడు, దాన్ని వదిలించుకోవాల్సి వచ్చినరోజు అతనికి మీరు పనికొస్తారా? తేల్చుకోవాల్సింది ఇది.

ఎందుకు ఉంచుకున్నాడో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అలైర్ అన్నదమ్ములు, జేజే, జెరెమీ, 1995లో దీన్ని తెచ్చారు. జావా, జావాస్క్రిప్ట్, పీహెచ్‌పీ అన్నీ బయటికొచ్చిన సంవత్సరమే అది. అప్పట్లో డేటాబేస్‌లో ఉన్నదాన్ని వెబ్ పేజీలో చూపించడమంటే పెద్ద తతంగం. వీళ్లు హెచ్‌టీఎంఎల్ ట్యాగుల్లాగే ఉండే ట్యాగులు ఇచ్చారు. సీఎఫ్‌క్వెరీ అనే ట్యాగు మధ్యలో ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) రాసి, సీఎఫ్‌అవుట్‌పుట్‌లో కాలమ్ పేరు పెడితే చాలు, పేజీ తయారు. దాంతో ఏమైందంటే, ప్రోగ్రామర్లు కానివాళ్లు కూడా సిస్టమ్‌లు కట్టేశారు. అమెరికాలో ప్రభుత్వ శాఖల్లో, యూనివర్సిటీల్లో, ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో కొద్దిగా హెచ్‌టీఎంఎల్ వచ్చిన ఉద్యోగి ఎవరో కూర్చుని తన డిపార్ట్‌మెంట్‌కి కావాల్సింది తనే రాసుకున్నాడు. రూల్స్ డాక్యుమెంట్లలో లేవు, ఆ పేజీల్లోనే ఉన్నాయి. నేను చేరిన ప్రాజెక్టులో ఒకే పేజీ రెండు వేల లైన్ల పైన ఉండేది. అందులో ఒకచోట ఒక ఇఫ్ కండిషన్ పక్కన కామెంట్: "ఇది తీసేయొద్దు, ముందు నన్ను అడగండి." కింద రెండు ఇనీషియల్స్, 2001 నాటి తేదీ. ఆ ఇనీషియల్స్ ఎవరివో క్లయింట్ ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఆ ఇఫ్ కండిషన్ మేమూ తీయలేదు.

దాన్ని క్లయింట్ మార్చకపోవడానికి కారణం ప్రేమ కాదు, భయం. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడుతుందేమోనని.

తర్వాత సంగతి మీకు తెలిసే ఉంటుంది. అలైర్ కంపెనీని 2001లో మాక్రోమీడియా కొంది, 2005 చివర్లో మాక్రోమీడియాని అడోబీ కొంది. మధ్యలో 2002లో జరిగినదే మీకు ముఖ్యం: ఆ ఏడాది మొత్తం ఇంజిన్‌ని జావా మీదికి మార్చేశారు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను. (ఆ అన్నదమ్ములు మాత్రం ఎప్పుడో ఒడ్డు దాటేశారు. జేజే ఆర్‌స్టూడియో పెట్టాడు, జెరెమీ సర్కిల్ అనే క్రిప్టో కంపెనీ పెట్టాడు. భాషని కనిపెట్టినవాళ్లే దాన్ని పట్టుకుని వేలాడలేదు.)

ఇక ఉద్యోగాల మార్కెట్. హైదరాబాద్‌లో ఫ్లాట్ అమ్మడం వేరు, ఊళ్లో ఇల్లు అమ్మడం వేరు. ఫ్లాట్‌కి రేటు అందరికీ తెలుసు, నెలలో అమ్ముడుపోతుంది, కానీ పక్క ఫ్లాట్‌కన్నా రూపాయి ఎక్కువ రాదు. ఊళ్లో ఇంటికి కొనేవాళ్లే ఇద్దరు ముగ్గురు. పక్కస్థలం వాడికి అవసరం పడితే అడిగినంత ఇస్తాడు. పడకపోతే ఏళ్లతరబడి తాళం వేసి ఉంచాల్సిందే. జావా మొదటి రకం, మనది రెండోది. నాకు రెండు అనుభవాలూ అయ్యాయి.

2013లో పేపర్లు పెట్టాను, అంటే రాజీనామా ఇచ్చాను. అప్పటికి టీమ్‌లో ఇన్సూరెన్స్ క్లెయిమ్స్ మాడ్యూల్ పూర్తిగా తెలిసినవాళ్లం ఇద్దరమే. రెండోరోజే క్లయింట్ వైపు నుంచి మా డెలివరీ హెడ్‌కి ఫోన్. అంతకుముందు మూడేళ్లు "బడ్జెట్ లేదు" అన్నవాళ్లు వారంలో కౌంటర్ ఆఫర్ ఇచ్చారు, ఆగిపోయాను. బాగుంది కదా? 2016లో అదే క్లయింట్‌ని ఇంకో కంపెనీ కొనేసింది. కొన్నవాళ్లకి వాళ్ల సొంత సిస్టమ్ ఉంది, మాది మూసేశారు. తొమ్మిదిమందిమి ఒక్కసారే బెంచ్ మీదికి, అంటే ప్రాజెక్టు లేకుండా ఖాళీగా. జావా కూడా చేతిలో ఉన్న ముగ్గురికి రెండు వారాల్లో ప్రాజెక్టు దొరికింది. నాకు నాలుగు నెలలు పట్టింది. రోజూ ఆఫీసుకెళ్లి, కెఫెటీరియాలో కూర్చుని, ఆర్ఎంజీ (ఎవరిని ఏ ప్రాజెక్టులో వేయాలో చూసే టీమ్) నుంచి మెయిల్ వస్తుందేమోనని చూడటం. ఇంట్లో మాత్రం "కొత్త ప్రాజెక్టు, ఇంకా ట్రైనింగ్‌లో ఉన్నా" అని చెప్పాను.

గమనించండి, 2013లో వచ్చిన హైక్ కోల్డ్‌ఫ్యూజన్ వచ్చినందుకు కాదు, క్లెయిమ్స్ తెలిసినందుకు. 2016లో ఆ క్లెయిమ్స్ సిస్టమే పోయేసరికి నా దగ్గర మిగిలింది ఉత్త ట్యాగులు.

మరి ఏం నేర్చుకోవాలి అంటారా? ముందు మీరున్న భాషనే లోతుగా నేర్చుకోండి, ఎందుకో ఒక సంఘటన చెప్తే అర్థమవుతుంది. ఒక సోమవారం ఉదయం టికెట్ వచ్చింది. ఒక మెంబర్ (ఇన్సూరెన్స్ ఉన్న వ్యక్తి) లాగిన్ అయితే ఇంకొకరి క్లెయిమ్ మొత్తం కనిపించిందట. స్క్రీన్‌షాట్ కూడా పెట్టారు. మేం టెస్ట్ చేస్తే రాదు. మంగళవారం లేదు, బుధవారం లేదు. మళ్లీ వచ్చే సోమవారం పదింటికి ఇంకో టికెట్. ఆరోగ్య సమాచారం కాబట్టి అటువైపు లాయర్లు కూడా కాల్‌లోకి వచ్చారు. చివరికి దొరికింది ఏంటంటే, ఒక సీఎఫ్‌సీలో (కోల్డ్‌ఫ్యూజన్ కాంపోనెంట్), ఒక ఫంక్షన్‌లో, ఒక్క వేరియబుల్ ముందు "వార్" అనే మూడక్షరాల మాట రాయలేదు. అది రాయకపోతే ఆ వేరియబుల్ ఫంక్షన్‌కి సొంతం కాదు, కాంపోనెంట్ మొత్తానిదవుతుంది. ఆ కాంపోనెంట్‌ని ఎవరో స్పీడ్ కోసం అప్లికేషన్ స్కోప్‌లో పెట్టారు. అంటే యూజర్లందరికీ కలిపి ఒకటే కాపీ. ఇద్దరు ఒకే క్షణంలో ఆ ఫంక్షన్‌లోకి వస్తే ఒకరి క్లెయిమ్ నంబర్ మీద ఇంకొకరిది పడుతుంది. సోమవారం పదింటికి రద్దీ ఎక్కువ కాబట్టి అప్పుడే తగులుతోంది.

ఆ బగ్ సరిచేయడానికి నిమిషం పట్టలేదు, వెతకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో నేను నేర్చుకున్నది కోల్డ్‌ఫ్యూజన్ కాదు. థ్రెడ్లంటే ఏమిటి, షేర్డ్ మెమరీ అంటే ఏమిటి, లోడ్ టెస్ట్ ఎలా పెట్టాలి అన్నవి. తర్వాత జావా ఇంటర్వ్యూలో "సింగిల్‌టన్ బీన్‌లో ఇన్‌స్టెన్స్ వేరియబుల్ పెడితే ఏమవుతుంది" అని (అందరికీ కలిపి ఒకటే కాపీ ఉండే ఆబ్జెక్ట్ గురించి) అడిగితే ఈ కథే చెప్పాను. అవతలాయన నోట్స్ రాసుకోవడం ఆపి విన్నాడు.

ఇందాక 2002 సంగతి మళ్లీ చెప్తానన్నాను కదా. మీరు ఐదేళ్లుగా జేవీఎమ్ (జావా ప్రోగ్రామ్‌లని నడిపే ఇంజిన్) మీదే కూర్చున్నారు, ఎవరూ చెప్పలేదంతే. మీ సర్వర్‌లో లోపల ఉన్నది టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్. మీ అప్లికేషన్ మెమరీ నిండి పడిపోయినప్పుడు మార్చేది జావా హీప్ (జావాకి కేటాయించే మెమరీ) సైజే. క్రియేట్‌ఆబ్జెక్ట్ ఫంక్షన్‌కి "జావా" అని ఇచ్చి ఏ జావా లైబ్రరీనైనా మీ కోడ్‌లోంచి పిలవొచ్చు. కాబట్టి జావా నేర్చుకోవడానికి మీరు ఉద్యోగం వదలక్కర్లేదు. మీ ప్రాజెక్టులో పీడీఎఫ్ తయారుచేసేదో, ఎక్సెల్ చదివేదో ఏదో ఒక ముక్క ఉంటుంది. దాన్ని జావాలో క్లాస్‌గా రాసి, జార్ చేసి, కోల్డ్‌ఫ్యూజన్ నుంచి పిలవండి. క్లయింట్‌కి నచ్చుతుంది, మీ రెజ్యూమెలో అబద్ధం రాయాల్సిన పనుండదు.

అమీర్‌పేట బ్యాచ్ విషయం. చేరండి, తప్పేం లేదు. స్ప్రింగ్ బూట్ (జావాతో సర్వీసులు రాయడానికి), రియాక్ట్ (స్క్రీన్లు కట్టడానికి) నాలుగు నెలల్లో ఒక వరస పట్టుబడతాయి. కానీ కోర్సు అయ్యాక అక్కడే ఎవరో "కోల్డ్‌ఫ్యూజన్ తీసేసి ఐదేళ్లూ జావా అని పెట్టుకో, ప్రాక్సీ మేం చూసుకుంటాం" అంటారు, అంటే మీ బదులు ఇంకొకరు ఇంటర్వ్యూ ఇస్తారు. ఆ పని చేయొద్దు. నీతి సంగతి పక్కన పెట్టినా లెక్క కుదరదు. ఐదేళ్ల జావా అని రాస్తే నిజంగా ఐదేళ్లు చేసినవాళ్లతో పోటీ పడాలి, అందులో మీరు ఆఖర్న ఉంటారు. "ఐదేళ్లు పాత సిస్టమ్, అందులో ఏడాదిన్నర దాన్ని జావాకి మార్చడం" అని రాస్తే పోటీకి మనుషులే ఉండరు.

ఈ మార్చే పనిలో మనలాంటివాళ్ల విలువ ఎక్కడుందో ఇంకో ఉదాహరణ. కొత్త జావా టీమ్ ఒకటి మెంబర్ అడ్రస్ సర్వీస్‌ని తిరగరాసింది. యూనిట్ టెస్టులన్నీ పాస్. లైవ్‌లోకి వెళ్లాక న్యూజెర్సీ అడ్రస్‌లన్నీ తేడాగా రావడం మొదలైంది. అక్కడి ఎడిసన్ ఊరి జిప్‌కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) 08820 ఉంటుంది, మన వాళ్లకి బాగా తెలిసిన నంబరే. పాత కోల్డ్‌ఫ్యూజన్ వెర్షన్లలో సీరియలైజ్‌జేసాన్‌కి (డేటాని వేరే ప్రోగ్రామ్‌కి పంపే రూపంలోకి మార్చే ఫంక్షన్) ఒక జబ్బు ఉండేది: అంకెలతో ఉన్న స్ట్రింగ్ కనిపిస్తే నంబర్ అనుకుని ముందున్న సున్నా ఎగరగొట్టేది. దానికి విరుగుడుగా పదేళ్ల కిందట ఎవరో అటువైపు స్క్రీన్‌లో "న్యూజెర్సీ అయితే ముందు సున్నా కలుపు" అని రాసిపెట్టారు. జావా టీమ్ సరైన జిప్ పంపింది. తప్పుకి అలవాటుపడ్డ స్క్రీన్ దాన్ని తప్పు చేసింది. అలాగే స్ట్రక్ట్ కీలన్నీ పెద్దక్షరాల్లో వెళ్లడం, "నో" అన్న స్ట్రింగ్ ఫాల్స్ అయిపోవడం, అర్రేలు సున్నాతో కాకుండా ఒకటితో మొదలవడం. ఇవన్నీ క్లయింట్ ఇచ్చే ఏ స్పెసిఫికేషన్‌లోనూ ఉండవు. వీటితో దెబ్బలు తిన్నవాడికే తెలుస్తాయి.

ఏఐ వచ్చి ఇవన్నీ మార్చేయదా అని మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు అడుగుతారు. నేను రోజూ వాడుతున్నాను. ట్యాగు కోడ్‌ని జావాకి మార్చడంలో చాలా పని తగ్గింది, అది నిజం. అంటే క్లయింట్‌కి మార్చే ఖర్చు తగ్గుతోంది, కాబట్టి ఇంతకాలం వాయిదా వేసినవాళ్లు ఇప్పుడు మొదలుపెడతారు. పాత కోడ్ చూసుకునే ఉద్యోగాలకి ఇది మంచి వార్త కాదు. కానీ అదే ఏఐ కోల్డ్‌ఫ్యూజన్ అర్రేలో మొదటిదాన్ని సున్నా అనుకుని లూప్ రాసి ఇచ్చిన సందర్భాలు నా దగ్గర చాలా ఉన్నాయి. అది ఇచ్చింది సరిగ్గా ఉందో లేదో సంతకం పెట్టేవాడు ఒకడు కావాలి.

డబ్బు ఇప్పుడు ఎక్కడ ఉందంటే సెక్యూరిటీలో, వెర్షన్ అప్‌గ్రేడుల్లో. 2023 జూన్‌లో ఒక అమెరికా ఫెడరల్ ఏజెన్సీ సర్వర్లలోకి కోల్డ్‌ఫ్యూజన్ లొసుగు ద్వారా హ్యాకర్లు దూరారు. వాళ్ల సైబర్ సెక్యూరిటీ సంస్థ సిసా ఆ డిసెంబర్‌లో దీనిమీద హెచ్చరిక కూడా ఇచ్చింది. ఆ లొసుగుకి అడోబీ ప్యాచ్ అదే ఏడాది మార్చిలోనే వచ్చింది. ఆ సర్వర్లలో నడుస్తున్నవి పాత వెర్షన్లు. అలాంటి వార్త వచ్చినరోజు ప్రతి క్లయింట్ ఆఫీసులో "మనది ఏ వెర్షన్?" అని వెతుకులాట మొదలవుతుంది. ఆ ప్రశ్నకి పది నిమిషాల్లో జవాబు చెప్పగలిగేవాడు మీరై ఉండాలి.

2024 మార్చిలో అడోబీ ఇచ్చిన అప్‌డేట్ ఇంకా పెద్ద పని తెచ్చింది. మనం వేరియబుల్ ముందు యూఆర్‌ఎల్, ఫామ్ అని స్కోప్ (అది ఎక్కడి నుంచి వచ్చిందో) రాయకపోయినా ఇంజినే ఒక్కొక్కచోట వెతికి తెచ్చేది కదా, ఆ వెతుకులాటని ఆ నెల అప్‌డేట్‌లో డిఫాల్ట్‌గా ఆపేశారు. భద్రతకి మంచిదే. కానీ ఇరవై ఏళ్ల కోడ్ అంతా దాని మీదే నడుస్తోంది. అప్‌డేట్ వేసిన టెస్ట్ సర్వర్‌లో మా పేజీల్లో సగం "వేరియబుల్ లేదు" అని ఎర్రగా నిలబడ్డాయి. పాత పద్ధతికి తిప్పడానికి జేవీఎమ్ ఫ్లాగ్ ఒకటి ఇచ్చారు. చాలామంది అది పెట్టి చేతులు దులుపుకున్నారు. మేం ఆరు వారాలు కూర్చుని పేజీ పేజీకి స్కోప్‌లు రాశాం. విసుగు పుట్టించే పనే, కానీ ఆ ఆరు వారాల్లో మొత్తం అప్లికేషన్ చదివినట్టయింది, మైగ్రేషన్ ఎస్టిమేట్ రాయడానికి నన్నే పిలిచారు.

లైసెన్స్ సంగతి కూడా క్లయింట్లని కదుపుతోంది. 2025 వెర్షన్ నుంచి అడోబీ సబ్‌స్క్రిప్షన్ పద్ధతికి వెళ్లింది, ఒకసారి కొని పదేళ్లు వాడుకోవడం కుదరదు. దాంతో ఇదే కోడ్‌ని నడిపే, ఉచితంగా దొరికే లూసీ అనే ఇంజిన్ వైపు చూసేవాళ్లున్నారు. రైలో అనే పాత ఇంజిన్ నుంచి 2015లో విడిపోయి వచ్చిందది. అడోబీ నుంచి లూసీకి మార్చడం మీలాంటివాళ్లు మొదటి మైగ్రేషన్‌గా చేయడానికి సరిగ్గా సరిపోయే పని. కోడ్ చాలావరకు అలాగే నడుస్తుంది, నడవని చోట్లే మీకు పాఠాలు. ఇంట్లో కమాండ్‌బాక్స్ అనే టూల్ వేసుకుంటే రెండు ఇంజిన్లనీ పక్కపక్కన నడిపి చూడొచ్చు. ఖర్చు లేదు.

అమెరికా గురించి మీరు చివర్లో ఒక్క వాక్యం రాశారు, నేనూ ఎక్కువ రాయను. వర్జీనియా, మేరీల్యాండ్ వైపు కోల్డ్‌ఫ్యూజన్ కాంట్రాక్టులు కనిపిస్తాయి, వెండర్లు ఫోన్లు చేస్తారు. వాటిలో ఫెడరల్‌వి చాలావాటికి సిటిజన్ అయి ఉండాలంటారు. హెచ్1బీకి ఎలాగూ లాటరీ ఉంది, 2025 సెప్టెంబర్‌లో కొత్త పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు కూడా తెచ్చారు. ఆ దారి కలిసొస్తే మంచిదే, దానిమీద లెక్క వేసుకుని ఇక్కడి నిర్ణయాలు వాయిదా వేయొద్దు.

మీ అనుభవం రెండేళ్లే అయితే "ఇప్పుడే దూకేయండి, జీతం తగ్గినా పర్లేదు" అనేవాణ్ని. పదిహేనేళ్లయితే "కదలకండి, ఆ సిస్టమ్‌కి మీరే ఆఖరి దిక్కు, దాన్ని మూసేదాకా ఉండి బాగా తీసుకోండి" అనేవాణ్ని. ఐదేళ్లంటే మధ్యలో ఉన్నారు, మీకు ఏడాదిన్నర పని ఉంది. మేనేజర్‌ని రిలీజ్ అడగడం ఆపేయండి, అది ఎలాగూ ఇవ్వడు. బదులుగా అప్‌గ్రేడ్‌గానీ, ఒక చిన్న మాడ్యూల్‌ని స్ప్రింగ్ బూట్ సర్వీస్‌గా విడదీయడంగానీ మీరే ప్రపోజల్‌గా రాసి ఇవ్వండి. రెండు పేజీలు చాలు. ఒప్పుకుంటే మీకు కావాల్సిన అనుభవం వాళ్ల డబ్బుతో వస్తుంది. రెండుసార్లు అడిగినా ఒప్పుకోకపోతే అప్పుడు పేపర్లు పెట్టండి. చేతిలో ఆఫర్ లేకుండా మాత్రం వద్దు. మన మార్కెట్‌లో తొంభై రోజుల నోటీస్ అయ్యేలోపు ఇంకో ఆఫర్ వస్తుందన్న గ్యారంటీ లేదు. ఆఫర్ వచ్చాక ఇక్కడ కౌంటర్ ఇస్తే, నేను 2013లో చేసిన పని చేయకండి.

ఒకటి మీరు రాయలేదు: మీ ప్రాజెక్టు అడోబీ మీదా లూసీ మీదా, ఏ వెర్షన్? అడోబీ 2018 అయితే దానికి మామూలు సపోర్ట్ 2023 జూలైలోనే అయిపోయింది, 2021 అయితే 2025 నవంబర్‌లో. ఈ రెండింటిలో ఏదైనా సరే, మీ ప్రపోజల్‌లో మొదటి పేరా అదే. వెర్షన్ చెప్తే మిగతాది ఎలా రాయాలో వివరంగా చెప్తాను.